దించని దెయ్యం

హిలారియోన్ చోకెకల్యాతా దెయ్యాలకు బూట్లు కుట్టేవాడు. గనుల ఊరైన ఒరూరోలో ఇదేం వింత వృత్తి కాదు. కార్నవాల్ పండగ వచ్చిందంటే ఊళ్ళో సగం మంది దెయ్యాలవుతారు. దెయ్యాలకైనా కాళ్ళుంటాయి, కాళ్ళకు బూట్లు కావాలి. లా పాస్ వీధిలో అతని కొట్టు. అటుపక్క మాస్కులు చేసేవాళ్ళు, ఇటుపక్క జరీ కుట్టేవాళ్ళు. మధ్యలో ఇతను ఎర్ర తోలూ తెల్ల తోలూ ముందేసుకుని, పాము బొమ్మలు కత్తిరించి బూటు పక్కన అతికిస్తూ, పొద్దస్తమానం తల వంచుకుని కూర్చునేవాడు.

మనిషి భయస్థుడు. దాచిపెట్టి లాభం లేదు, వీధంతా ఎరిగిన సంగతే. కుక్క మొరిగితే రోడ్డు దాటి అవతలికి పోయేవాడు. కొట్టుకు తాళం వేసి నాలుగడుగులు నడిచి, మళ్ళీ వెనక్కొచ్చి తాళం లాగి చూసుకునేవాడు. అతని భార్య కసిమీరా బజారులో ఆపీ అనే వేడివేడి మొక్కజొన్న జావ అమ్మేది. "మా ఆయన కుట్టిన బూటు తొడుక్కుంటే దెయ్యం కూడా ఉలిక్కిపడుతుంది" అని గిరాకీలతో చెప్పి నవ్వేది.

అంత పిరికివాడు వయసులో ఉండగా దెయ్యాల రాజు లూసిఫర్ వేషం కట్టాడంటే కొత్తవాళ్ళు నమ్మరు. కట్టించింది కూడా భయమే. కొడుకు సెవెరో పాలు తాగే వయసులో ఊపిరి అందక నీలం తిరిగిపోయాడు. డాక్టరు పెదవి విరిచాడు. హిలారియోన్ తిన్నగా సొకావోన్ గుడికి పోయి, గనితల్లి మరియమ్మ ముందు పడి, "బిడ్డను నాకుంచు తల్లీ, మూడేళ్ళు నీ ముందు దెయ్యమై ఆడతాను" అని మొక్కుకున్నాడు. బిడ్డ బతికాడు. తండ్రి ఆడాడు. మూడేళ్ళు దాటినా, మానేస్తే ఏమవుతుందోనన్న భయంతో, మోకాళ్ళు సాగినంత కాలం ఆడుతూనే ఉన్నాడు. చివరికి ఆ మోకాళ్ళు అరిగిపోయాక తల్లికి చెప్పుకుని, మాస్కును గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టాడు.

దెయ్యం ఆటకు అక్కడ ఒక కట్టుబాటు ఉంది. ఎత్తుకున్న దెయ్యాన్ని తల్లి పాదాల దగ్గరే దించాలి. ఊరంతా ఎగిరి దూకి గుడికి చేరాక, గడప దగ్గర మోకాళ్ళ మీద పడి, అలాగే దేక్కుంటూ లోపలికి పోయి, మాస్కు తీసి, చెమట కారే సొంత మొహంతో తల్లిని చూడాలి. అప్పుడు దెయ్యం దిగుతుంది. తాగి దారిలో పడిపోయినవాణ్ణి కూడా తోటివాళ్ళు చంకల కింద చేతులేసి ఈడ్చుకుపోయి మోకరిల్లజేస్తారు. దించకుండా వదిలేస్తే ఆ దెయ్యం ఊరికే పోదు. ఆడినవాడికి ఏది ప్రాణమో దాన్ని పట్టుకుపోతుందని పెద్దల మాట.

హిలారియోన్‌కు ప్రాణం ఏదో వేరే చెప్పాలా? ఆ సెవెరో పెరిగి పెద్దవాడై, ఇంకే పనీ దొరక్క, ఆ గుడి ఉన్న కొండలోనే గనిలో చేరాడు. పైన తల్లి, కింద మామ. గనిలో దిగేవాళ్ళు దెయ్యాన్ని దెయ్యం అనరు, మామ అంటారు. మట్టితో బొమ్మ చేసి సొరంగంలో కూర్చోబెట్టి, ప్రతి శుక్రవారం నోట్లో సిగరెట్టు ముట్టించి పెట్టి, కోకా ఆకులు చల్లి, సారా పోసి మంచి చేసుకుంటారు. కొడుకు గనిలోకి దిగిన రోజు నుంచి హిలారియోన్ సాయంత్రం దాకా సరిగా ఊపిరి పీల్చేవాడు కాదు.

అలా ఉండగా లా పాస్ నగరం నుంచి బొమ్మల సినిమా తీసేవాళ్ళు కొందరు వచ్చి, వాడకం లేని రైలు గోడౌను అద్దెకు తీసుకున్నారు. వాళ్ళ సినిమాలో ముఖ్యపాత్ర దెయ్యమట. దాన్ని చేత్తో గీయరట, మనిషి ఒళ్ళు కదిపితే కంప్యూటరులో బొమ్మ కదులుతుందట. వాళ్ళలో వానియా అనే అమ్మాయి ఒక పొద్దున్నే వచ్చి కొట్టు ముందు నిలబడింది.

"దోన్ హిలారియోన్ గారంటే మీరేనా? పాత అడుగు మీకే వచ్చని చెప్పారు. ఇప్పటి కుర్రాళ్ళు దెయ్యంలా ఆడట్లేదండీ, సర్కసు చేస్తున్నారు."

"నాకూ వచ్చేది తల్లీ. ఇప్పుడు అడుగేస్తే ముందు మోకాళ్ళు అరుస్తాయి, తర్వాత నేను అరుస్తాను."

"మీరు మెల్లగా వేసినా చాలు. ఎగరడం సంగతి కంప్యూటరు చూసుకుంటుంది."

"కార్నవాల్ కాదు, మొక్కూ లేదు. ఊరికే దెయ్యాన్ని ఎత్తుకోకూడదమ్మా. నన్నొదిలెయ్యి."

"మీరు ఎత్తుకునేదేముందండీ? మాస్కు మీ మొహం మీద ఉండదుగా. తెర మీద బొమ్మకుంటుంది. మీరు చెయ్యెత్తితే అది చెయ్యెత్తుతుంది, అంతే."

ఆ మాట హిలారియోన్ బుర్రలో దిగబడిపోయింది. రోజంతా తోలు కోస్తూ దాన్నే తిప్పి తిప్పి చూసుకున్నాడు. మాస్కు మొహం మీద లేకపోతే దెయ్యం నా మీద ఉన్నట్టు కాదు. మీద లేనిదాన్ని దించేదేముంది? ఇంత తేలిక సంగతికి ఇంకొకరి సలహా ఎందుకనుకున్నాడు. ఫాదర్‌ను అడగలేదు, కసిమీరాను అసలే అడగలేదు. భయస్థులకు అప్పుడప్పుడూ తెగింపు వస్తుంది, అదీ సరిగ్గా రాకూడని చోటే వస్తుంది.

గోడౌనులో అతనికి ఒంటికి అతుక్కుపోయే నల్లచొక్కా, లాగూ తొడిగారు. వాటి నిండా తెల్లటి బుడిపెలు. చేతులకు తొడుగులు, వాటి వేళ్ళకూ బుడిపెలు. చుట్టూ స్తంభాల మీద కెమెరాలు. పొట్ట కనబడుతోందని సిగ్గుపడి అతను చేతులు అడ్డం పెట్టుకుంటే, ఎదురుగా గోడంత తెర మీద కొమ్ములూ కోరలూ ఉన్న దెయ్యం కూడా సిగ్గుపడి పొట్టకు చేతులు అడ్డం పెట్టుకుంది. అందరూ ఘొల్లుమన్నారు. హిలారియోన్‌కూ నవ్వొచ్చింది.

"ఇప్పుడు రెండు చేతులూ బారచాపి కదలకుండా నిలబడండి" అంది వానియా. "కంప్యూటరు మీ కొలతలు తీసుకోవాలి."

చాపాడు. దెయ్యమూ చాపింది. సిలువ మీద స్వామి ఎలా ఉంటాడో అలా, చేతులు రెండూ చాపి, తల కాస్త వంచి, కోరలతో నిలబడింది. హిలారియోన్‌కు నవ్వు ఆగిపోయింది. సిలువ గుర్తు వేసుకుందామని చెయ్యి నుదుటి దగ్గరికి తీసుకెళ్ళబోయాడు.

"మొహానికి చెయ్యి అడ్డం పెట్టొద్దండీ, బుడిపెలు కెమెరాలకు కనబడవు."

చెప్పినమాట వినే మనిషి. చెయ్యి దించేశాడు.

పాట పెట్టారు. బాకాలు మొదటి వరస అందుకోగానే కాళ్ళు వాటంతట అవే కదిలాయి. అతను మునివేళ్ళ మీద కొద్దిగా లేస్తే అది మనిషెత్తు ఎగిరింది. పిడికిలి విప్పితే దాని నోట్లోంచి మంట వచ్చింది. చేతులు వెనక్కి విరిస్తే రెక్కలు విచ్చుకున్నాయి. కుడి చూపుడువేలు ఆడిస్తే దాని గుడ్లు గిరగిరా తిరిగాయి. మోకాళ్ళ నొప్పి లేని తనను తాను తెర మీద చూసుకుంటున్నట్టే ఉంది. ఆ కాసేపూ అతనికి కుక్క గుర్తు రాలేదు, తాళం గుర్తు రాలేదు, గని కూడా గుర్తు రాలేదు. మళ్ళీ చెయ్యమంటే మళ్ళీ చేశాడు. వాళ్ళు అడక్కపోయినా చేశాడు.

"చాలండీ, బ్రహ్మాండం!" అని వానియా మీట నొక్కింది. దెయ్యం ఎత్తిన కాలు గాల్లో ఉండగానే తెర నల్లబడిపోయింది. హిలారియోన్ బట్టలు మార్చుకుని, వాళ్ళు పెట్టిన సాల్తేన్యాను, ఆ మాంసం కజ్జికాయను, కారుతున్న పులుసుతో సహా తినేసి, ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు.

ఆ ఈల విని కసిమీరా అనుమానపడింది. "ఏంటయ్యా ఆ హుషారు? ఎవత్తినన్నా తగులుకున్నావా?"

"ఈ మొహానికి ఎవరు దొరుకుతారే" అని, దాచలేక జరిగినదంతా చెప్పేశాడు. బుడిపెలు, తెర, మంట, రెక్కలు అన్నీ చెప్పాడు. ఆపీ గ్లాసులో పోస్తున్న కసిమీరా చెయ్యి మధ్యలో ఆగింది.

"అయితే ఎక్కడ దించావు?"

"దేన్ని?"

"దెయ్యాన్నయ్యా! తల్లి దగ్గర దించావా?"

"మాస్కు నా మొహం మీద లేదుగా."

"చెయ్యి నీది, కాలు నీది, అడుగు నీది. మొహం మీద కొమ్ముల డొప్ప లేనంత మాత్రాన ఆడింది ఎవరయ్యా, నేనా?" కసిమీరా గిన్నె కింద పెట్టేసింది. "ఎత్తిన కాలు కింద పెట్టకముందే ఆపేశారంటున్నావు. అంటే అది ఇంకా ఆడుతూనే ఉంది. ఎవరి కోసం చూస్తుందో నీకు తెలియదా?"

హిలారియోన్‌కు అప్పుడు గాని విషయం తలకెక్కలేదు. మర్నాడు పొద్దున్నే గుడికి పరిగెత్తాడు. మోకాళ్ళ మీద దేక్కుంటూ తల్లి ముందుకు పోయాడు గాని, అక్కడికి చేరాక చేతులు ఏం చెయ్యాలో తెలియలేదు. మొహం మీంచి తీయడానికి ఏమీ లేదు. దెయ్యం రైలు గోడౌనులో ఉంది, తను ఇక్కడున్నాడు. ఉత్త మొహంతో వచ్చినవాడు దించేదేమిటి? తల్లి కళ్ళలోకి చూడలేక లేచొచ్చేశాడు.

ఆ శుక్రవారం సెవెరో గని నుంచి వచ్చి, ఎండు మాంసం నములుతూ మాటల మధ్యలో అన్నాడు: "ఇవ్వాళ మామకు సిగరెట్టు ముట్టిస్తే సగంలో ఆర్పేశాడు నాన్నా. మళ్ళీ ముట్టిస్తే మళ్ళీ ఆర్పేశాడు. డాక్టరు మానెయ్యమన్నాడేమో పాపం."

ఎవరూ నవ్వలేదు. మామ సిగరెట్టు చివరిదాకా కాలిస్తే తృప్తిపడ్డట్టు, సగంలో ఆర్పేస్తే ఇంకేదో అడుగుతున్నట్టు. ఈ సంగతి ఆ ఊళ్ళో పాలు మరవని పిల్లలకు కూడా తెలుసు.

"రేపు పనికి పోకురా" అన్నాడు హిలారియోన్.

"నేను పోకపోతే నా రాయి ఎవరు కొడతారు, మామ కొడతాడా?"

"నవ్వులాటకు చెప్పట్లేదు సెవెరో."

"నీకు దేనికి భయం లేదో అది చెప్పు నాన్నా. చిన్నప్పుడు నన్ను ఉయ్యాలెక్కనిచ్చావా? సైకిలెక్కనిచ్చావా?" అని సెవెరో లేచి టోపీ మేకుకు తగిలించాడు. ఇనప టోపీకి పైన కొత్త సొట్ట ఉంది. తండ్రి చూడటం చూసి, "చిన్న రాయిలే. టోపీ ఎందుకుంది మరి?" అన్నాడు.

ఆ సొట్టలో హిలారియోన్ బొటనవేలు సరిగ్గా పట్టింది. దాని అంచు వెంట వేలు తిప్పి తిప్పి చూశాడు. ఆ వారమంతా అతనికి తిండి లేదు, నిద్ర లేదు. కుట్టిన బూట్లలో రెండూ ఎడమకాలివే వచ్చాయి. కొడుకు పొద్దున టోపీ పెట్టుకుని గడప దాటుతుంటే, గాల్లో ఎత్తిన ఆ కాలే కళ్ళ ముందు మెదిలేది. అది ఎప్పుడు కింద పెడుతుందో, ఎవరి మీద పెడుతుందో.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. సినిమావాళ్ళు సామాను సర్దుకుంటున్నారని, ఆ పూటే లా పాస్ వెళ్ళిపోతారని కసిమీరా బజారులో విని పరుగున కొట్టుకొచ్చింది. ఇంట్లో గోడ మీది గనితల్లి పటం తీసి శాలువాలో పెట్టుకొచ్చింది కూడా.

"పో. ఎక్కడ ఎత్తుకున్నావో అక్కడే దించు. పిల్లాడు గనిలో ఉన్నాడు."

హిలారియోన్ పటాన్ని గుండెకు హత్తుకుని పరిగెత్తాడు. దారిలో కుక్క మొరిగింది. అతను రోడ్డు దాటలేదు.

గోడౌనులో కెమెరాలు సగం పెట్టెల్లోకి ఎక్కేశాయి. వానియా అతణ్ణి చూసి ఆశ్చర్యపోయింది. "మాకు కావలసినంత వచ్చేసిందండీ. మళ్ళీ ఆడక్కర్లేదు."

"ఆడటానికి కాదు తల్లీ. దించటానికి." జరిగినదంతా తడబడుతూ చెప్పాడు. పెట్టెలు మోస్తున్న కుర్రాడొకడు కిసుక్కున నవ్వాడు. వానియా నవ్వలేదు. అతను పటాన్ని గుండెకు ఎలా అదుముకున్నాడో చూసింది.

"మా డైరెక్టరు భోంచేసి వచ్చేలోగా అయిపోవాలి" అని, దించిన కెమెరాలు మళ్ళీ స్తంభాలకు ఎక్కించింది.

నల్లచొక్కా, బుడిపెలు, తొడుగులు. చేతులు బారచాపాడు. తెర వెలిగింది. దెయ్యం అక్కడే ఉంది, ఎక్కడికీ పోలేదు. అతను మోకాళ్ళ మీద పడ్డాడు. అదీ పడింది. నొప్పికి పళ్ళు బిగించి ముందుకు దేకాడు. అదీ దేకింది, కాని ఎటు? దాని ముందు ఏమీ లేదు, ఉత్త బూడిదరంగు నేల.

"అక్కడ తల్లి లేదమ్మా. ఎవరికి మొక్కుతుంది అది?"

వానియా పటాన్ని ఫోనుతో ఫోటో తీసి, ఏవో మీటలు నొక్కి, తెరలో దెయ్యం ముందు నిలబెట్టింది. హిలారియోన్ రెండు చేతులూ తలకు అటూ ఇటూ పెట్టి, మాస్కు ఎత్తి తీసేవాడిలా పైకి లేపాడు. తెర మీద గోళ్ళ చేతులు కొమ్ములను పట్టుకోబోయి, కొమ్ముల్లోంచే దూరి, ఖాళీగా పైకొచ్చాయి. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ ఖాళీ చేతులే.

"రావట్లేదమ్మా!"

"అది మాస్కు కాదండీ. దాని మొహమే అది."

"మాస్కు కింద మనిషుంటాడు కదా?"

"మేం కింద ఏమీ చెయ్యలేదు. ఎవరూ చూడరుగా."

"తీసెయ్యి. ఎలాగోలా తీసెయ్యి."

వానియా తీసేసింది. కొమ్ములు పోయాయి, కోరలు పోయాయి, వాటితోపాటు తలే పోయింది. మెడ మీద చీకటి బొక్క తప్ప ఏమీ లేదు. మోకాళ్ళ మీద ఉన్న ఆ మొండెం, అతను చేతులెత్తితే చేతులెత్తింది. హిలారియోన్‌కు టోపీ మీది సొట్ట కళ్ళ ముందు కనబడింది. తల లేని ఆ ఒళ్ళు ఎవరిదో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"మొహం పెట్టు!" అని అరిచాడు. "వెంటనే మొహం పెట్టు!"

"ఎవరి మొహం?"

వానియా మామూలుగానే అడిగింది. అతనికి మాత్రం ఆ ప్రశ్న ఆ అమ్మాయి అడిగినట్టు లేదు. నేల కింద నుంచి, ఆ కొండ కింద నుంచి ఎవరో అడిగినట్టుంది. పారిపోదామనుకున్నాడు. ఆ మాట నిజం, మోకాళ్ళు లేవలేదు గాని లేస్తే పారిపోయేవాడే.

"నాది" అన్నాడు.

వానియా ఫోను పట్టుకుని అతని చుట్టూ తిరిగింది, గడ్డం కింద, చెవుల వెనక, నెత్తి మీద. కాసేపటికి మెడ మీద అతని మొహం మొలిచింది. గడ్డం గీసుకోని మొహం, భయంతో పెద్దవైన కళ్ళు. వానియా దాని మీద కొమ్ముల మాస్కు విడిగా తొడిగింది. ఈసారి అతను చేతులు పైకెత్తితే మాస్కు చేతులతోపాటు వచ్చేసింది. దెయ్యం ఒంటి మీంచి హిలారియోన్ చోకెకల్యాతా గనితల్లిని చూశాడు.

"ఎత్తుకున్నవాణ్ణి నేనే" అన్నాడు. "ఎవరో ఒకరు కావాలంటే ఇదిగో నేనున్నాను. వాడి జోలికి మాత్రం పోకు." ఆ మాట పైనున్న తల్లితో అన్నాడో, కిందనున్న మామతో అన్నాడో అతనికే తెలియలేదు.

బట్టలు మార్చుకున్నాక, పటం చంకలో పెట్టుకుని గుమ్మం దాకా పోయి, వెనక్కి తిరిగాడు. "ఆ మొహం ఇక తీసేస్తావా తల్లీ?"

"తీసెయ్యడమా! ఎంత బావుందండీ అది. దెయ్యం మాస్కు తీస్తే లోపల మనిషి! డైరెక్టరుకు చూపిస్తాను, ఎగిరి గంతేస్తాడు. మిగిలిన ఆటంతా లా పాస్‌లో ఇంకెవరితోనైనా చేయిస్తాం. మీకు మోకాళ్ళ నొప్పులు కదా."

"ఇంకెవరైనా చెయ్యెత్తితే?"

"ఇది చెయ్యెత్తుతుంది."

"నా మొహంతోనే?"

"మీ మొహంతోనే" అని వానియా బహుమతి ఇచ్చినట్టు నవ్వింది.

హిలారియోన్ అటునుంచటే గని దగ్గరికి పోయాడు. పని దిగినవాళ్ళు ఒక్కొక్కరే బయటికొస్తున్నారు. మసి మొహాల్లో కొడుకును వెతికాడు. లేడు. వచ్చేవాళ్ళు పలచబడ్డారు. ఇంకా లేడు. "సెవెరో ఏడి?" అని అడగబోయి, మళ్ళీ సొరంగం వైపే చూశాడు. అందరికన్నా వెనక, ఎవరితోనో పరాచికాలాడుతూ సెవెరో వచ్చాడు.

"నువ్వేంటి నాన్నా ఇక్కడ? దారి తప్పావా?" తండ్రి తన తలను రెండు చేతులా పట్టుకుని తడిమి తడిమి చూస్తుంటే, "ఉందిలే, ఎక్కడికీ పోలేదు" అన్నాడు. నడుస్తూ నడుస్తూ మళ్ళీ అన్నాడు: "ఇవ్వాళ మామ ఎంత హుషారుగా ఉన్నాడో! సిగరెట్టు చివరిదాకా కాల్చేశాడు, పీక కూడా మిగల్చలేదు. కావలసింది ఏదో దొరికినట్టుంది."

ఇంట్లో కసిమీరా కొడుకును చూసి ఏడ్చింది, ఏడుస్తూనే తిట్టింది, తిడుతూనే సూప్ వడ్డించింది. సెవెరో జుర్రుకుని తాగి ఇంకొంచెం అడిగాడు. ఆ జుర్రుకునే చప్పుడు వింటుంటే హిలారియోన్ గుండె నిండిపోయింది. వాడు ఉన్నాడు, అది చాలు.

"నీది చల్లారిపోతోంది, తినవేంటయ్యా?"

"తింటాలే."

అతను చెంచా పట్టుకోలేదు. రెండు చేతులూ బల్ల మీద బోర్లా పెట్టి, వాటినే చూస్తూ కూర్చున్నాడు. సినిమావాళ్ళ లారీ ఈపాటికి లా పాస్ చేరి ఉంటుంది, పెట్టెలు దించి ఇంకెవరికో ఆ బుడిపెల చొక్కా తొడుగుతూ ఉంటారు. కుడి చూపుడువేలు కొద్దిగా కదిలింది. తను కదిపాడో లేదో అతనికి గుర్తు లేదు.